అమ్మానాన్నల మొదటి అమెరికా ప్రయాణం: పెట్టెల్లో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

తులసికోట (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు నవంబర్ రెండో వారంలో డాలస్ వెళ్తున్నారు. అక్కడ మా చెల్లికి డిసెంబర్‌లో పురుడు. ఇద్దరూ విమానం ఎక్కడం ఇదే మొదలు. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడ 5 గంటలు ఆగి డాలస్. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతిపెట్టె 7 కిలోలు. అంటే లోడ్ చేసే సామాను మొత్తం 92 కిలోలకు మించకూడదు.

నిన్న మంచం మీద పరిచినవన్నీ తూకం వేస్తే 118 కిలోలు వచ్చింది. అమ్మ ఒక్కటి కూడా తీయనివ్వడం లేదు. పురుడు పోయడానికి వెళ్తూ చేతులూపుకుంటూ ఎలా వెళ్తామంటుంది. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒక్కో పనికి ఒక్కో వస్తువు సర్దుకుంటూ పోతే ఎన్ని పెట్టెలైనా చాలవు కదా. ఒకటే వస్తువు నాలుగైదు పనులకు అక్కరకొచ్చేలా ఏమేం పెట్టాలో, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

ప్లానో అమ్మమ్మ (విజయవాడ)

తల్లీ, నేను ఐదుసార్లు వెళ్లొచ్చాను. రెండు పురుళ్లు అక్కడే పోశాను. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు: మొట్టమొదట పెట్టెలో పెట్టాల్సింది పాత నూలు చీరలు. మెత్తగా నలిగిపోయినవి నాలుగు చాలు. దారిలో పచ్చడి సీసాలకు చుట్టడానికి వాడాలి. అక్కడికి వెళ్లాక ఉతికి ఎండబెడితే పిల్లకు పొత్తిళ్లు, స్నానం చేయించాక తుడిచే గుడ్డలు, పాలు తాగించేటప్పుడు భుజం మీద వేసుకునే గుడ్డ, అన్నీ అవే. చీరతో ఊయల మాత్రం కట్టనివ్వరు. నేనూ కడదామనుకున్నాను. గట్టి పరుపు మీద, వెల్లకిలా, చుట్టూ దిండ్లు గుడ్డలు లేకుండా పడుకోబెట్టాలని అక్కడి డాక్టర్లు గట్టిగా చెప్తారు. మన పద్ధతి కాదని మీ అమ్మగారు మనసు కష్టపెట్టుకోవద్దు, పిల్ల ఊపిరి కోసమే ఆ జాగ్రత్త.

రెండోది తువ్వాలు. టర్కీ టవల్ కాదు, పల్చటి నూలు తువ్వాలు. టర్కీ టవల్ ఒక్కటే అరకిలో తూగుతుంది, తడిస్తే చేతిపెట్టెలో పెట్టుకోలేం. తువ్వాలు గంటలో ఆరిపోతుంది. విమానంలో చలేస్తే చెవులకు చుట్టుకోవచ్చు, మెడ కింద మడిచి పెట్టుకోవచ్చు, అన్నం తినేటప్పుడు ఒళ్లో పరుచుకోవచ్చు. మనిషికి రెండు పెట్టండి.

మూడోది శాలువా. 2020లో వెళ్లినప్పుడు కరోనా వల్ల నేను అక్కడే ఉండిపోయాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు కురిసి కరెంటు పోయిన రోజుల్లో మా ఇంట్లో హీటర్ లేదు, నీళ్లు లేవు. మా అమ్మాయి కొనిపెట్టిన కోట్లు బయట తిరగడానికే గానీ ఇంట్లో పడుకోవడానికి పనికిరాలేదు. నా దగ్గరున్న రెండు ఉన్ని శాలువాలే అందరం కప్పుకున్నాం. కోటు పెట్టెలో సగం ఆక్రమిస్తుంది, శాలువా చీర మడతలో ఇమిడిపోతుంది. పెద్ద కోట్లు మోసుకెళ్లొద్దు, అక్కడ పిల్లల దగ్గర ఉంటాయి.

ఇంకోమాట, ఒక చెంబు పెట్టండి. అక్కడి బాత్రూముల్లో మగ్గు ఉండదు, హ్యాండ్ షవర్ ఉండదు. స్టీలుది బరువనుకుంటే ప్లాస్టిక్ మగ్గు చాలు, దాన్నిండా సాక్సులు కుక్కితే ఎక్కువ చోటు కూడా పట్టదు.

జగిత్యాల లింగన్న (దమ్మామ్)

అమ్మమ్మ గారు లుంగీని మరిచిపోయిండ్రు. నేను సౌదీకి వచ్చి 14 ఏండ్లయింది. ప్రతిసారీ చేతిసంచిల లుంగీ ఉండాల్సిందే. ఎయిర్‌పోర్టుల నేల మీద పరుచుకుంటం, విమానంల కప్పుకుంటం, రూముల తలుపుకు అడ్డంగ కడితే బట్టలు మార్చుకోనీకి పరదా అయితది. నమాజుకు పోయే దోస్తుకు జానమాజుగా కూడా ఇచ్చిన. సామాన్ల సంచి చినిగితే మూటగట్టనీకి కూడా అదే. మీ నాన్నగారికి రెండు పెట్టున్రి.

ఒక ముచ్చట జర జాగ్రత్తగా వినున్రి. గల్ఫ్ దేశాలకు పోయేటోళ్లు గసగసాలు అసలే పెట్టొద్దు. మనకు అది కూరల వేసే మసాలా. సౌదీ, యూఏఈ చట్టం ప్రకారం అది మత్తు పదార్థాల లెక్కలకు వస్తది. తెలియక తెచ్చిన అని చెప్పినా వినరు. పురుడు సామానుల గసగసాలు ఉంటే ఇప్పుడే తీసెయ్యున్రి. మీవాళ్లు దోహాల దిగి విమానం మారుతరు గద, ఎందుకు రిస్క్.

వోల్టేజి (వరంగల్)

కరెంటు సామాను సంగతి నేను చెప్తాను, వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజినీర్‌ని. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు కూడా వేరు, అక్కడివి బల్లపరుపు పిన్నులు. చాలామంది ప్లగ్గు మార్చే అడాప్టర్ కొని, ఇక అన్నీ నడుస్తాయనుకుంటారు. అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు.

ఛార్జర్ వెనక చిన్న అక్షరాల్లో 100-240 అని ఉందో లేదో చూడండి. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లన్నింటి మీదా దాదాపుగా ఉంటుంది. వాటికి అడాప్టర్ చాలు. వేడి చేసేవి, మోటారు ఉన్నవి మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మన నీళ్ల కెటిల్ అక్కడ పెడితే వోల్టేజి సగం కాబట్టి వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. టీ నీళ్లు కాగేసరికి మీ నాన్నగారి ఓపిక అయిపోతుంది. మిక్సీ కావాలంటే 110 వోల్టుల మోడళ్లు హైదరాబాద్‌లో విడిగా అమ్ముతారు. కానీ మీ చెల్లెలి ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

ఒక అడాప్టర్‌తో పాటు మూడు సాకెట్లున్న మన చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే ఇద్దరి ఫోన్లు, నాన్నగారి బీపీ మిషన్ ఛార్జర్ ఒకేచోట పెట్టుకోవచ్చు. బోర్డులో ఇండికేటర్ లైటు, సర్జ్ ప్రొటెక్టర్ లాంటివి లేని మామూలుది తీసుకోండి.

పవర్ బ్యాంకు చేతిపెట్టెలోనే ఉండాలి, లోడ్ చేసే పెట్టెలో పెడితే ఆపి తెరిపిస్తారు. పరిమితి 100 వాట్-అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత). మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్ అవుతుంది కాబట్టి సరిపోతుంది. అంకెలు చెరిగిపోయిన పాతది మాత్రం వద్దు, అంకె కనిపించకపోతే తీసేసుకుంటారు. ఇప్పుడు కొన్ని విమానాల్లో దాంతో ఛార్జింగ్ పెట్టుకోనివ్వడం లేదు కూడా.

మందుల చీటీ (గుంటూరు)

నాన్నగారి ఇన్సులిన్ గురించి. మెడికల్ షాపు నడుపుతాను, ఏటా ఇలా వెళ్లే పెద్దవాళ్లకు సర్దిపెడుతుంటాను.

ఇన్సులిన్ మొత్తం చేతిపెట్టెలోనే. ఇన్సులిన్ వేసుకునే పెన్ను ఒక్కటి కూడా లోడ్ చేసే పెట్టెలో వద్దు. కింద సామాను పెట్టే చోట గడ్డకట్టేంత చలి ఉండొచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. పెట్టె ఆలస్యమైతే అది ఇంకో కష్టం. తెరవని పెన్నులకు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, చిన్న చల్లటి పౌచ్ కొనండి. పౌచ్‌లోని ఐసు ప్యాకు ఇన్సులిన్‌కు నేరుగా తగలకూడదు, మధ్యలో అమ్మమ్మగారు చెప్పిన తువ్వాలు ఒక మడత వేయండి. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల నియమం ఉన్నా మందులకు మినహాయింపు ఉంటుంది, కానీ సెక్యూరిటీ దగ్గర ముందుగానే చెప్పి చూపించాలి. దోహాలో మళ్లీ తనిఖీ ఉంటుంది, అక్కడా అంతే.

డాక్టర్ చీటీ మీద బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు ఇంగ్లీషులో రాయించండి. ఇక్కడి బ్రాండ్ పేర్లు అక్కడెవరికీ తెలియవు. మనం పారాసిటమాల్ అనేదాన్నే వాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. ఆ సంగతి తెలియక ఇక్కడి మాత్ర ఒకటి, అక్కడి మాత్ర ఒకటి వేసుకుంటే డోసు రెట్టింపు అవుతుంది. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉండనివ్వండి, కత్తిరించి డబ్బాల్లో పోయకండి. సాధారణంగా 90 రోజులకు మించకుండా తీసుకెళ్లమంటారు. ఆర్నెల్లు ఉండేట్లయితే మిగతా వాటికి అక్కడ ఏం చేయాలో ఇప్పుడే డాక్టర్‌ని అడగండి.

నవంబర్‌లో డాలస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా. ఇన్సులిన్ వేళలు ఎలా మార్చుకోవాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో చెప్పించుకుంటే విమానంలో గుర్తుండదు.

తులసికోట

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. లింగన్నా, అమ్మ పురుటి మందుల్లో నిజంగానే పావుకిలో గసగసాలు ఉన్నాయి. తీసేశాను. మిక్సీ, కెటిల్ కూడా తీశాం. ఇప్పుడు 109.

ఇక మిగిలింది తిండి సామాను. ఆవకాయ 3 కిలోలు, రొయ్యల పచ్చడి కిలో, కరివేపాకు ఒక పెద్ద కట్ట, ఎండుకొబ్బరి చిప్పలు, శొంఠి, వాము, కారప్పొడులు, సోనా మసూరి బియ్యం 5 కిలోలు, పూజకు కర్పూరం. వీటిలో ఏవి పెట్టొచ్చు? చెల్లేమో అన్నీ దొరుకుతాయక్కా అంటుంది. అమ్మేమో దొరికేది వేరు, నేను చేసేది వేరంటుంది.

ఇర్వింగ్ బాబాయి (టెక్సస్)

మీ చెల్లి మాట నిజం. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోల్లో ఉన్నంత మంది తెలుగువాళ్లు చాలా ఊళ్లలో ఉండరు. బియ్యం, పప్పులు, కారం, గోంగూర, బెండకాయలు అన్నీ ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి.

అసలు బియ్యం తేకూడదు. ఇండియా నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడాన్ని ఇక్కడి వ్యవసాయ శాఖ నిషేధించింది. ఖాప్రా బీటిల్ అనే గింజ పురుగు వాటితో వచ్చి గోదాముల్లోని ధాన్యాన్ని పాడుచేస్తుందని భయం. రొయ్యలది సరే గానీ, మాంసం పచ్చళ్లు, కోడి పచ్చళ్లు మాత్రం వద్దు. కరివేపాకు పచ్చి రెమ్మలు కూడా కుదరవు. నిమ్మ, నారింజ చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు బాగా దెబ్బతిన్నాయి. టెక్సస్‌లోనూ నిమ్మజాతి తోటలున్నాయి, అందుకే అంత పట్టుదల. బెండ విత్తనాలు, తులసి విత్తనాలు లాంటివి కూడా పొట్లం కట్టి తేకండి.

అన్నిటికన్నా ముఖ్యం, దిగాక తిండి పదార్థాలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. పచ్చడి, పొడులు, స్వీట్లు అని చెప్తే చూసి వదిలేస్తారు, లేదా పనికిరానిది తీసుకుంటారు, అంతే. లేవని చెప్పి దొరికితే మొదటిసారికే 300 డాలర్ల జరిమానా పడొచ్చు. చాలామంది పెద్దవాళ్లు కంగారులో లేవనేస్తారు. మీ అమ్మగారికి ఒక కార్డు మీద ఇంగ్లీషులో రాసి ఇవ్వండి: పచ్చళ్లు, పొడులు, మిఠాయిలు ఉన్నాయి, మాంసం లేదు, విత్తనాలు లేవు అని. కార్డు వెనక మీ చెల్లి ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు రాయండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా కార్డు ఉంటుంది. ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టాలి.

పచ్చడి జాడీ (తెనాలి)

బాబాయి గారూ, దొరుకుతుందనేది సరే. మొన్నటి వేసవిలో కొత్త మామిడికాయ ముక్కలు కొట్టించి కలిపిన ఆవకాయకూ, సీసాలో దొరికేదానికీ పోలికెక్కడండీ? బాలింతకు ఆవకాయ పెట్టరు గానీ, అల్లుడు తింటాడు కదా. 23 కిలోల్లో 3 కిలోలు ఆవకాయకు ఇవ్వడంలో తప్పు లేదు.

ప్యాకింగ్ మాత్రం సరిగ్గా ఉండాలి. రెండేళ్ల కింద నా పెట్టెలో పచ్చడి డబ్బా మూత ఊడి పట్టుచీరలకు నూనె పట్టింది, ఆ మరక ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి ఇలా చేస్తున్నాను. సీసాలు వద్దు. పైన తేలే నూనె వంచేసి, ముక్క మాత్రం మందపాటి జిప్ కవర్లలో అరకిలో చొప్పున వేసి, గాలి తీసి, దాని మీద ఇంకో కవర్ వెనక్కి తిప్పి వేసి, గోధుమరంగు టేపు చుట్టాలి. వంచేసిన నూనె బదులు అక్కడ వేరే నూనె కాచి చల్లార్చి పోసుకోవచ్చు. ఆ పొట్లాలన్నీ ఒక స్టీలు క్యారేజీ గిన్నెల్లో సర్దండి. క్యారేజీ దారిలో పెట్టెకు కవచంలా ఉంటుంది, దిగాక ఆస్పత్రికి బాలింత భోజనం తీసుకెళ్లడానికి అదే.

జిప్ కవర్లు ఖాళీవి ఇరవై ఎక్కువే పెట్టండి. తడిబట్టలకు, మందుల చీటీలకు, విడిచిన చెప్పులకు, ప్రతిదానికీ అవసరమే.

ఎండుకొబ్బరి, కర్పూరం రెండూ విమానంలో ఎక్కించరు. ఎండుకొబ్బరిలో నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. కర్పూరం సంగతి చెప్పక్కర్లేదు. అగ్గిపెట్టె కూడా వద్దు. శొంఠి, వాము, కారప్పొడులు లోడ్ చేసే పెట్టెలో వేయండి. చేతిపెట్టెలో 350 మిల్లీలీటర్లు మించిన పొడి ఉంటే అమెరికా విమానం ఎక్కేముందు తీసి చూస్తారు.

ప్లానో అమ్మమ్మ

ఒకటి మరిచాను. అమ్మ బట్టలన్నీ ఒక పెట్టెలో, నాన్న బట్టలన్నీ ఒక పెట్టెలో సర్దకండి. ప్రతి పెట్టెలోనూ ఇద్దరివీ కొన్ని, పచ్చళ్లు కొన్ని. ఒక పెట్టె రాకపోతే ఒకరు పూర్తిగా కట్టుబట్టలతో మిగిలిపోకూడదు. చేతిపెట్టెలో ఒక జత బట్టలు, లోపలి బట్టలు రెండు జతలు, ఒక తువ్వాలు, మందులు, కాగితాలు, పిన్నీసులు. పిన్నీసులు పది పెట్టండి. తెగిన సంచి పట్టీకి, ఊడిన హుక్కుకు, ఆరేసిన బట్ట జారకుండా, అన్నిటికీ అవే. కత్తెర, సూదులు మాత్రం కింద పెట్టెలో.

టికెట్ బుక్ చేసినవాళ్లకు ఇప్పుడే చెప్పి ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించు తల్లీ. నడవగలరని ఊరుకోకు. దోహాలో దూరాలు ఎక్కువ, బోర్డులు చదువుకోవాలి. వీల్‌చైర్ తోసేవాళ్లు గేటు దాకా తీసుకెళ్లి కూర్చోబెడతారు. అసలు లాభం అది.

మందుల చీటీ

అమ్మమ్మగారి మాటకు తోడు ఒకటి. దోహా నుంచి డాలస్ పదిహేను గంటల పైమాటే. నాన్నగారి చేతిపెట్టెలో బిస్కెట్లు, గ్లూకోజు బిళ్లలు ఉండాలి. భోజనం ఆలస్యమై షుగర్ పడిపోతే వెంటనే చేతికి అందాలి. పైన సామాను అరలో కాదు, కాళ్ల దగ్గర.

తులసికోట

ఆఖరి తూకం చెప్తున్నాను. నాలుగు పెట్టెలు కలిపి 86 కిలోలు. బియ్యం, ఎండుకొబ్బరి, కరివేపాకు, కర్పూరం, టర్కీ టవళ్లు నాలుగు, నాన్న కోటు, మిక్సీ, కెటిల్, ఇంకా స్టీలు డబ్బాలు బయట పడ్డాయి. ఆవకాయ 3 కిలోలూ ఉన్నాయి. రొయ్యల పచ్చడి వద్దని అమ్మే తీసేసింది, అడిగితే సమాధానం చెప్పలేనంది. కరివేపాకు పొడి కొట్టి పెట్టింది. పాత చీరలు ఆరు ఉన్నాయి, నాలుగు కాదు. నాలుగే చాలంటే అమ్మ ఒప్పుకోలేదు.

తులసికోట (మూడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అమ్మానాన్న క్షేమంగా చేరారు. దిగాక నాలుగింట్లో ఒక పెట్టె రాలేదు, రెండు రోజులకు ఇంటికి తెచ్చిచ్చారు. ఇద్దరి బట్టలూ అన్ని పెట్టెల్లో ఉండబట్టి ఇబ్బంది లేకపోయింది. ఆ రెండు రోజులూ నాన్న లుంగీ, తువ్వాలుతోనే ఉన్నారు. దోహాలో ఇన్సులిన్ పౌచ్ తెరిపించి చీటీ చూసి పంపించేశారట.

డాలస్‌లో ఆఫీసర్ అడగ్గానే అమ్మ కార్డు తీసి ఇచ్చిందట. ఆయన చదివి, ఒక పెట్టె తెరవమని, పచ్చడి పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ లోపల పెట్టేశాడట. అమ్మ ఈ సంగతి ఫోన్‌లో నాలుగుసార్లు చెప్పింది.

మగ్గు బాత్రూంలో చేరింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు చెల్లి తన గదిలోకి తీసుకుంది. ఆవకాయ ఒక పొట్లం అప్పుడే అయిపోయింది. అమ్మ ఆరు చీరలూ ఉతికి, మడతలు పెట్టి, చెల్లి ఆస్పత్రి సంచి పక్కన పెట్టింది. డాక్టర్ డిసెంబర్ 12 అన్నారు.